మన కంపెనీల లెక్కలు మూసిన గదిలో ఎందుకు చూస్తున్నారు?

సంపాదకుల వారికి నమస్కారం అండి.

మీ పేపర్లో మా విశాఖ స్టీల్ ప్లాంట్ మీద వార్త లేని వారం ఉండదు. ప్యాకేజీ వచ్చిందని ఒకరోజు, కాంట్రాక్టు కార్మికుల్ని తీసేస్తున్నారని ఇంకోరోజు, ఫర్నేస్ మళ్లీ వెలిగించారని మరోరోజు, ఇక ఏ పార్టీ వాళ్ళు ఎవర్ని తిట్టారో అది రోజూ ఉండేదే. అన్నీ చదువుతాం, కూర్మన్నపాలెంలో ఉంటూ చదవకుండా ఎలా ఉంటాం. కానీ ఒక్కటి మాత్రం కనపడదు. ఈ కంపెనీ లెక్కల్ని పార్లమెంటు ఎప్పుడు ముందేసుకుని కూర్చుంది, ఎవర్ని పిలిచింది, ఏమడిగింది, వాళ్లేం చెప్పారు, ఇది ఎక్కడా రాదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది, అందులో 10,300 కోట్లు ఈక్విటీ, మిగతా 1,140 కోట్లు పాత వర్కింగ్ క్యాపిటల్ అప్పుని ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చడం. సంతోషమే, ఎవరు కాదన్నారు. ఆ డబ్బు దేనికి ఎంత పోయింది, ఉత్పత్తి ఎంత పెరిగింది, పెరగకపోతే ఎందుకు పెరగలేదు అని అడిగే పని ఎవరిది? మంత్రిగారు చెప్తారు కదా అంటారు. మంత్రిగారు చెప్పినదాన్ని చెక్ చేసేది ఎవరు అనేదే నా ప్రశ్న.

పేరుకి ఉన్నారండి. పార్లమెంటులో ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ అని ఒకటుంది, లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7గురు, మొత్తం 22, మంత్రులు అందులో ఉండకూడదు, ఏడాదికోసారి మళ్లీ ఎన్నుకుంటారు. ఇది 1964లో పుట్టింది. దీని వెనక కథ కొంచెం చెప్పాలి ఎందుకంటే ఇప్పటి పిల్లలకి తెలీదు. 1957లో ఎల్ఐసీ అప్పుడే పుట్టిన కంపెనీ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు సుమారు కోటీ ఇరవై నాలుగు లక్షలు పెట్టి కొంది, ఆ రోజుల్లో అది మామూలు సొమ్ము కాదు. అదే ఏడాది డిసెంబర్లో లోక్‌సభలో లేచి దీన్ని అడిగింది ప్రతిపక్షం కాదండి, అధికార పార్టీ ఎంపీ ఫిరోజ్ గాంధీ, సాక్షాత్తూ ప్రధాని నెహ్రూ అల్లుడు. 1958 జనవరిలో బొంబాయి హైకోర్టు చీఫ్ జస్టిస్ ఛాగ్లా గారితో విచారణ, ఫిబ్రవరిలో రిపోర్టు, అదే నెలలో ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి రాజీనామా. ఆ విచారణ బహిరంగంగా జరిగింది, లోపల చోటు చాలక బయట నిలబడ్డ జనం కోసం లౌడ్ స్పీకర్లు కూడా పెట్టారంటారు. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ ఈ మాట దగ్గరికి వస్తాను. ఆ గొడవ తర్వాతే ప్రభుత్వ కంపెనీలని చూడ్డానికి విడిగా ఒక కమిటీ ఉండాలని కృష్ణ మీనన్ ఆధ్వర్యంలోని కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ సబ్ కమిటీ చెప్పడం, ఇంకొన్నేళ్లు నానబెట్టాక 64లో కమిటీ రావడం.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు తిరకాసు ఆ కమిటీ రూల్స్ లో ఉంది. ప్రభుత్వ ప్రధాన విధానాలకి సంబంధించిన విషయాలు ఈ కమిటీ చూడకూడదు. కంపెనీ రోజువారీ నిర్వహణ కూడా చూడకూడదు. అంటే పైన ఉన్నది పాలసీ కాబట్టి వద్దు, కింద ఉన్నది రోజువారీ పని కాబట్టి వద్దు. ఇప్పుడు దీన్ని మన ఉక్కుకి పెట్టి చూడండి. 2021 జనవరి 27న కేంద్ర ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ నూటికి నూరు శాతం అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఓకే చెప్పింది, అది పాలసీ, కమిటీ ముట్టుకోకూడదు. సొంత ఇనుప గనులు ఇవ్వకపోవడం వల్లే ఇంత నష్టం అని యూనియన్ల వాళ్ళు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు, గనులు ఎవరికి ఇవ్వాలి అన్నది మళ్లీ పాలసీయే. బొగ్గు ఏ రేటుకి ఎప్పుడు కొన్నారు అంటే అది రోజువారీ నిర్వహణ అంటారు. మరి మధ్యలో ఏం మిగిలిందండి? ఏమీ మిగల్లేదు అని నేను అనను, విస్తరణ ఎందుకు లేటయింది, ఖర్చు ఎందుకు పెరిగింది, కాంట్రాక్టు ఎలా ఇచ్చారు ఇలాంటివి చూస్తారు, కొన్నిసార్లు బాగానే చూస్తారు. కానీ 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ, అరవైకి పైగా ఊళ్లు ఖాళీ చేసి ఇచ్చిన భూమి, ఇప్పటికీ ఆర్ కార్డు (నిర్వాసితుల పునరావాస కార్డు) పట్టుకుని తిరుగుతున్న నిర్వాసితుల కుటుంబాలున్నాయి, దాన్ని ఉంచాలా అమ్మాలా అన్న ప్రశ్న మాత్రం ప్రభుత్వ కంపెనీల కోసమే పెట్టిన కమిటీ ముందుకి రాదు.

సభలో చర్చించొచ్చు కదా, కమిటీయే ఎందుకు అని ఒక లాయర్ ఫ్రెండ్ అడిగారు. చర్చించొచ్చు, కానీ అమ్మడానికి సభలో ఓటు అక్కర్లేదు, అక్కడే ఉంది తేడా. ఈ తేడా తెలియాలంటే స్టీల్ ప్లాంట్ నుంచి పది పదిహేను కిలోమీటర్లు ఇవతల ఉన్న రిఫైనరీ దగ్గరికి రావాలి. మా పెద్దోళ్లు ఇప్పటికీ దాన్ని కాల్టెక్స్ అనే అంటారు. కాల్టెక్స్ ని, ఎస్సోని ప్రభుత్వం డెబ్బైల్లో పార్లమెంటులో చట్టం చేసి తీసుకుంది, అవే హెచ్‌పీసీఎల్ అయ్యాయి. బర్మా షెల్ ని తీసుకుంటే అది బీపీసీఎల్ అయ్యింది. 2003లో అప్పటి ప్రభుత్వం ఈ రెండింటినీ అమ్మబోతే సుప్రీంకోర్టు సెప్టెంబర్ 16న తీర్పిచ్చింది, పార్లమెంటు చట్టంతో వచ్చిన కంపెనీలు ఇవి, ఆ చట్టాల్ని మార్చకుండా మీ అంతట మీరు అమ్మడానికి లేదు అని. అంటే ముందు సభకి రావాలి. ఎంత పెద్ద కాపలా అండి అది. మరి ఆ కాపలా ఎటు పోయింది? 2016లో పనికిరాని పాత చట్టాలు 187 ఒకే కట్టగా కట్టి రద్దు చేశారు, ఆ కట్టలో బర్మా షెల్ జాతీయీకరణ చట్టం కూడా వెళ్లిపోయింది. ఆ రోజు ఓటేసిన ఎంపీల్లో ఎంతమందికి తెలుసో, బీపీసీఎల్ తాళం కూడా ఆ కట్టలోనే ఉందని! 2019 నవంబర్లో బీపీసీఎల్ లో ప్రభుత్వ వాటా అమ్మకానికి కేబినెట్ ఓకే చెప్పింది, 2022లో చివరికి ఒక్క బిడ్డరే మిగలడంతో ఆపేశారు అది వేరే సంగతి.

హెచ్‌పీసీఎల్ సంగతి ఇంకా తమాషా. 2018 జనవరిలో ప్రభుత్వం తన 51.11 శాతం వాటాని ఓఎన్‌జీసీకి 36,915 కోట్లకి అమ్మింది. ప్రభుత్వ కంపెనీ చేత ప్రభుత్వ కంపెనీని కొనిపించారు, ఓఎన్‌జీసీ దగ్గర అంత నగదు లేక అప్పు తెచ్చి కొంది, బడ్జెట్లో మాత్రం పెట్టుబడుల ఉపసంహరణ కింద రాబడి వచ్చినట్టు లెక్క. విశాఖ హెడ్డాఫీసుగా ఉన్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ని 2019లో నాలుగు పోర్టులు కలిసి 1,050 కోట్లకి కొన్నాయి, అదీ ఇలాంటిదే. తప్పు అని నేను తేల్చడం లేదు, వ్యాపారంగా చూస్తే దాంట్లో అర్థం ఉండొచ్చు. కానీ ఇది కంపెనీ కోసం చేశారా, బడ్జెట్ లోటు పూడ్చడం కోసం చేశారా అని ఆ కంపెనీ చైర్మన్ ని కూర్చోబెట్టి అడిగి ఆ జవాబు మనకి వినిపించాలా వద్దా.

ఇక విశాఖ ఉక్కుకి అలాంటి చట్టం ఏదీ లేదు. 1982 ఫిబ్రవరిలో కంపెనీల చట్టం కింద రిజిస్టర్ చేసిన రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్, అంతే. కాబట్టి అమ్మాలంటే పార్లమెంటు గడప తొక్కక్కర్లేదు. పైగా ఇది స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాలేదు. ఇంకో ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్ అయితే లిస్టెడ్ కాబట్టి మూడు నెలలకోసారి లెక్కలు బయట పెట్టక తప్పదు, షేర్ ఉన్నోడు లేనోడు అందరూ చూస్తారు. మన ప్లాంటుకి ఆ బాధ్యత కూడా లేదు, యాన్యువల్ రిపోర్టు వచ్చినప్పుడే లెక్క. చట్ట ప్రకారం మార్చి 31కి ఏడాది ముగిస్తే సెప్టెంబర్ లోపు ఏజీఎం, అంటే వాటాదారుల వార్షిక సమావేశం, ఆ తర్వాత మూడు నెలల్లో రిపోర్టు తయారు చేసి ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వ్యాఖ్యలతో కలిపి సభలో పెట్టాలి. అంతా టైముకి జరిగినా ఏప్రిల్లో జరిగిన తప్పు మనకి వచ్చే ఏడాది శీతాకాలం సమావేశాల్లో తెలుస్తుంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు, ఇక్కడ ఆర్నెల్లు కూడా కాదు, ఏడాదిన్నర పైమాటే.

లేటుగా అయినా మొరిగితే ఏమవుతుందో జింక్ ని చూడండి. గాజువాక, మల్కాపురం వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. హిందుస్థాన్ జింక్ 2002లో అమ్మారు, 26 శాతం వాటా, కంట్రోల్ తో సహా, స్టెర్లైట్ కి 445 కోట్లకి. తర్వాత ఇంకో 18.92 శాతం పోయింది. ఆ అమ్మకం విలువ కట్టిన తీరు మీద కాగ్ తర్వాత తప్పుబట్టింది, రిపోర్టు సభలో పెట్టారు, అక్కడితో ఆగింది. విశాఖ స్మెల్టర్ పదేళ్లకి మూతపడింది, ఉద్యోగాలు పోయాయి, ఇంకా పేరు మాత్రం జింక్ గేట్ అనే మిగిలింది. చివరికి 2021 నవంబర్ 18న సుప్రీంకోర్టు ఆ 2002 అమ్మకం మీద సీబీఐ రెగ్యులర్ కేసు పెట్టాలని ఆదేశించింది. 2002 ఎక్కడ, 2021 ఎక్కడ! పందొమ్మిదేళ్లు. ఆ మధ్యలో ఎన్ని లోక్‌సభలు మారాయో ఎన్ని కమిటీలు మారాయో మీరే లెక్కేసుకోండి. ఇంకో సంగతి, ఆ తీర్పు వచ్చేనాటికి కూడా కేంద్రానికి ఆ కంపెనీలో 29.54 శాతం వాటా ఉంది, కానీ 51 శాతం ఉంటేనే చట్టం దృష్టిలో అది ప్రభుత్వ కంపెనీ, అంతకన్నా ఒక్క పిసరు తగ్గినా కాగ్ ఆడిట్ లేదు, కమిటీ లేదు. వేల కోట్ల విలువైన మన వాటా అక్కడుంది, దాని గురించి అడిగే హక్కు మాత్రం లేదు. ఎయిర్ ఇండియా కూడా అంతే, 2022 జనవరిలో టాటాలకి ఇచ్చిన రోజు నుంచి ఆ కంపెనీ కొత్త లెక్కలు సభ చూపుకి అందవు. అందుకే అంటున్నా, అమ్మకం జరిగాక అడగడానికి ఏమీ ఉండదు, అడిగితే ముందే అడగాలి, కంపెనీ ఇంకా మనదిగా ఉన్నప్పుడే.

ఇప్పుడు తలుపుల సంగతి. ముంద్రా విచారణ జనం ముందే జరిగిందని చెప్పాను కదా, కమిటీలు అలా కాదు. లోక్‌సభ రూల్స్ లో 266వ రూలు ఒకటుంది, కమిటీ మీటింగులు ప్రైవేటుగా జరగాలి అని. కెమెరా ఉండదు, రిపోర్టర్ ఉండడు, కంపెనీ సీఎండీ వచ్చి ఏం చెప్పాడో, ఏ ఎంపీ ఏ ప్రశ్న వేశాడో, ఏ ఎంపీ అసలు నోరు విప్పలేదో మనకి తెలీదు. నెలల తర్వాత ఒక రిపోర్టు సభలో పెడతారు, దాని మీద చర్చ అనేది దాదాపు జరగదు, మీ పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తే గొప్ప. ఆర్నెల్లలో ప్రభుత్వం ఏం చర్య తీసుకున్నారో చెప్పాలి, చెప్తారు కూడా, పరిశీలిస్తున్నాం అని. కమిటీ సిఫార్సులు సలహాలే గానీ ఆజ్ఞలు కావు కాబట్టి అక్కడితో సరి.

దీనికి రెండో వైపు కూడా ఉందండి, నేను ఒప్పుకుంటా. తలుపులు మూసి ఉంటే ఎంపీలు పార్టీ జెండా పక్కన పెట్టి మాట్లాడతారు, కెమెరా పెడితే అందరూ కెమెరా కోసమే మాట్లాడతారు అని ఢిల్లీలో పనిచేసిన వాళ్ళు చెప్తారు. అందులో కొంత నిజముంది, మన అసెంబ్లీ లైవ్ చూస్తే తెలుస్తుంది కదా. కంపెనీ వ్యాపార రహస్యాలు, టెండర్ రేట్లు బయటపడతాయి అన్న వాదన కూడా ఉంది. సరే, ఆ భాగం వరకు తలుపు మూసుకోండి. మొత్తం ఎందుకు మూయాలి?

బ్రిటన్ లో కమిటీలు జనం ముందే కూర్చుంటాయి, టీవీలో వస్తుంది. అక్కడ పోస్టాఫీస్ లిమిటెడ్ పూర్తిగా ప్రభుత్వ కంపెనీ. హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ తప్పు లెక్కలు చూపిస్తే, డబ్బు మీరే కాజేశారని 1999 నుంచి 2015 దాకా చిన్న చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్ళ మీద కేసులు పెట్టారు, 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి, వాళ్ళలో కొందరు జైళ్లకి వెళ్లారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అక్కడి పార్లమెంటు కూడా చాలా లేటుగానే మేలుకుంది, దాంట్లో వాళ్ళు మనకేమీ ఆదర్శం కాదు. కానీ 2015లో ఆ కంపెనీ సీఈవో కమిటీ ముందు చెప్పిన మాటలు వీడియోతో సహా అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి తొమ్మిదేళ్ల తర్వాత పబ్లిక్ ఎంక్వైరీలో ఆవిణ్ణి, అప్పుడు ఇలా అన్నారు కదా అని నిలదీయగలిగారు. మన దగ్గర అలా నిలదీయాలంటే ముందు వాళ్ళు ఏమన్నారో మనకి తెలియాలి కదా.

అంత దూరం కూడా పోనక్కర్లేదండి, మన కరెంటు సంగతే చూడండి. కరెంటు చార్జీలు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ విచారణలు జరుగుతాయి కదా, డిస్కంలు చార్జీల ప్రతిపాదనలు పెట్టాక జనం అభ్యంతరాలు తీసుకోవాలని విద్యుత్ చట్టమే చెప్తోంది. ఆ హాల్లోకి ఎవరైనా వెళ్లొచ్చు, రైతు సంఘాల వాళ్ళు వస్తారు, ఫెర్రో అల్లాయ్స్ వాళ్ళు, చిన్న ఇండస్ట్రీల వాళ్ళు, రిటైరైన ఇంజనీర్లు, మామూలు ఇంటి కనెక్షన్ ఉన్నోళ్లు కూడా. ముందే రాసిచ్చి పేరు పిలిచినప్పుడు మైకు ముందుకొచ్చి మాట్లాడతారు, ఎదురుగా డిస్కం సీఎండీ కూర్చుని వినాలి, జవాబు చెప్పాలి. ఫలానా కొనుగోలు యూనిట్ అంత రేటు ఎందుకు పెట్టారు, ట్రూఅప్ కింద, అంటే అంచనా దాటిన పాత ఖర్చు, మా నెత్తిన ఎందుకు వేస్తున్నారు అని పంచె కట్టుకొచ్చిన పెద్దాయన కాగితాలు చూపించి మరీ అడుగుతుంటే చూశాను నేను, సీఎండీ గారి పక్కనున్న వాళ్ళు ఫైళ్లు తిరగేయడం మొదలుపెట్టారు. చార్జీలు తగ్గాయా అంటే ప్రతిసారీ తగ్గవు, కానీ ఎందుకు పెరిగాయో కాగితం మీద కారణం రాయక తప్పదు. ఎవరూ ఓటేసి ఎన్నుకోని కమిషన్ జనం ముందు విచారణ చేస్తోంది, మనం ఓటేసి పంపిన వాళ్ళ కమిటీ తలుపులేసుకుంటోంది. ఇది నాకు ఎప్పటికీ అర్థం కాదు.

రాష్ట్రాల సంగతి చెప్పకపోతే ఢిల్లీ మీదే పడ్డానంటారు. మన రెండు అసెంబ్లీల్లోనూ ప్రభుత్వ రంగ సంస్థల కమిటీలు, ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే పీఏసీలు ఉన్నాయి. అవి వార్తల్లోకి వచ్చేది పీఏసీ చైర్మన్ పోస్టు ప్రతిపక్షానికి ఇచ్చారా లేదా అన్న గొడవప్పుడే, 2024లో రెండు రాష్ట్రాల్లోనూ అదే గొడవ చూశాం. ఢిల్లీలో 1967 నుంచి పీఏసీ ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ, కానీ ప్రభుత్వ కంపెనీల కమిటీకి మాత్రం మామూలుగా అధికార పార్టీ ఎంపీయే చైర్మన్, దాని గురించి మాత్రం ఎవరూ గొడవ చేయరు. డబ్బులన్నీ కంపెనీల్లోకి మారిపోయాక కూడా చేయరు!

మారిపోయాయి అంటే ఊరికే అనడం లేదు. తెలంగాణలో కాళేశ్వరం ఇరిగేషన్ ప్రాజెక్ట్ కార్పొరేషన్ లిమిటెడ్ అని ఒక కంపెనీ పెట్టారు, దానికి సొంత ఆదాయం చెప్పుకోదగ్గది లేదు, ప్రభుత్వ గ్యారంటీ చూపించి అప్పు తేవడమే ప్రధానమైన పని, 87 వేల కోట్లకి పైగా అప్పులకి ఒప్పందాలు చేసుకుంది. కట్టాల్సింది ఎవరు, బడ్జెట్టే, అంటే తెలంగాణ జనమే. 2019 జూన్ లో ప్రారంభించారు, 2023 అక్టోబర్లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి, కాగ్ రిపోర్టు అసెంబ్లీలో పెట్టింది 2024 ఫిబ్రవరి 15న. 81,911 కోట్ల ప్రాజెక్టు 1.47 లక్షల కోట్లు దాటేలా ఉందని, పెట్టిన ప్రతి రూపాయికి వచ్చేది 52 పైసలేనని ఆ రిపోర్టులో ఉంది. పిల్లర్లు కుంగాక, ప్రభుత్వం మారాక వచ్చిన రిపోర్టు రాజకీయానికి పనికొస్తుంది, డబ్బు కాపాడ్డానికి పనికిరాదు. అప్పు తెస్తున్న ఆ నాలుగైదేళ్లలో అసెంబ్లీ కమిటీ ఆ కార్పొరేషన్ ఎండీని ఏడాదికి ఒక్కసారి పిలిచి, బాబూ అప్పు ఎంతయింది, ఎలా తీరుస్తావ్ అని జనం ముందు అడిగి ఉంటే? మన ఆంధ్రాలో 2020లో పెట్టిన స్టేట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కూడా మద్యం ఆదాయం చూపించి అప్పులు తెచ్చిన బాపతే, కాబట్టి ఒక రాష్ట్రాన్ని ఒక పార్టీని అనడం కాదు. రాష్ట్ర కార్పొరేషన్లలో ఏళ్ల తరబడి లెక్కలే తేల్చనివి ఉన్నాయని కాగ్ ప్రతిసారీ రాస్తుంది, లెక్కలే లేకపోతే కమిటీ చూసేదేంటి? అయినా వాటికి చైర్మన్ పోస్టులు మాత్రం ప్రభుత్వం మారిన మూడు నెలలకే నిండిపోతాయి.

కాగ్ ఉంది, అవినీతి మీద నిఘా పెట్టే కేంద్ర విజిలెన్స్ కమిషన్ (సీవీసీ) ఉంది, సమాచార కమిషన్ ఉంది, రెగ్యులేటర్లున్నారు, వాళ్ళు స్వతంత్రులు కదా, ఎంపీలు చూడకపోయినా వాళ్ళు చూస్తారు కదా అనొచ్చు. స్వతంత్రం అన్న మాట దగ్గర మనం కొంచెం జాగ్రత్తగా ఉండాలండి. ఇప్పటి కాగ్ సంజయ్ మూర్తి గారు మన అమలాపురం మాజీ ఎంపీ కేఎస్ఆర్ మూర్తి గారి అబ్బాయి, తెలుగువాళ్ళుగా గర్వపడ్డాం. కానీ కాగ్ ని ఎంచుకోవడానికి కమిటీ అంటూ ఏమీ లేదు, ప్రభుత్వం పేరు పంపితే రాష్ట్రపతి సంతకం చేస్తారు, ఎవరి లెక్కలు తనిఖీ చేయాలో వాళ్లే తనిఖీ చేసేవాణ్ణి ఎంచుకుంటారు. సీవీసీకి అలా కాదు, ప్రధాని, హోంమంత్రి, లోక్‌సభ ప్రతిపక్ష నేత ముగ్గురూ కూర్చుని ఎంచుకోవాలి. దానివల్ల ఏమైందంటే పీజే థామస్ గారిని సీవీసీగా పెట్టినప్పుడు ప్రతిపక్ష నేత సుష్మా స్వరాజ్ గారు అక్కడే అభ్యంతరం చెప్పారు, ఇద్దరు ఒకవైపు కాబట్టి నియామకం అయిపోయింది గానీ 2011 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక్క అభ్యంతరం కాగితం మీద ఉండటానికి ఉన్న విలువ అది.

ఇంకో పద్ధతి ఉంది, మనిషినే పెట్టకపోవడం. తెలంగాణ సమాచార కమిషన్ లో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకి పైగా ఒక్క కమిషనర్ కూడా లేరు. బోర్డు ఉంది, ఆఫీసు ఉంది, అప్పీళ్లు గుట్టలు పడ్డాయి, వినేవాడు లేడు. పాత ప్రభుత్వమూ పెట్టలేదు, కొత్త ప్రభుత్వమూ 2025 దాకా పెట్టలేదు, ఈ ఒక్క విషయంలో మాత్రం రెండు పార్టీలకీ ఏకాభిప్రాయం. లోక్‌పాల్ చట్టం 2013లో వస్తే మొదటి లోక్‌పాల్ 2019లో వచ్చారు. ఆ జస్టిస్ పీసీ ఘోష్ గారే తర్వాత కాళేశ్వరం మీద కమిషన్ గా కూర్చున్నారు, అది వేరే ముచ్చట.

రెగ్యులేటర్ల దగ్గరికొస్తే వాళ్ళని సభ పిలవొచ్చా అన్నదాని మీదే తగువు. 2024 అక్టోబర్లో పార్లమెంటు పీఏసీ, చట్టాలతో ఏర్పడ్డ రెగ్యులేటరీ సంస్థల పనితీరు చూస్తామని షేర్ మార్కెట్ రెగ్యులేటర్ సెబీ చైర్‌పర్సన్ ని పిలిచింది, రాలేకపోతున్నానని అదే రోజు కబురొచ్చింది, మీటింగ్ వాయిదా పడింది, అసలు ఆ పిలవడమే రాజకీయం అని అధికారపక్ష సభ్యులు అభ్యంతరం చెప్పారు. రాజకీయం ఉండొచ్చు, ఆమె మీద ఆరోపణలు వేడిగా ఉన్న టైము అది. కానీ మంత్రి నుంచి స్వతంత్రంగా ఉండాలన్నదానికీ సభకి జవాబు చెప్పక్కర్లేదన్నదానికీ చాలా తేడా ఉంది. ఫలానా కేసులో ఫలానా ఆర్డర్ ఎందుకిచ్చావ్ అని ఎంపీలు అడగకూడదు, అది కోర్టుల పని. ఎన్ని కేసులు పెండింగ్ ఉన్నాయి, ఎన్ని ఖాళీలున్నాయి, మీ మీద ఫిర్యాదు వస్తే ఎవరు చూస్తారు, మీ సొంత పెట్టుబడులు ఎక్కడ ప్రకటిస్తారు, ఇవి అడగాలి, ప్రతి ఏడాది ఒక తారీఖు పెట్టుకుని అడగాలి, వివాదం వచ్చినప్పుడు మాత్రమే పిలిస్తే అది విచారణలా ఉండదు, కక్షలా కనపడుతుంది.

మరి ఏం చేయాలంటావ్ అంటే, నాకు తెలిసినంతలో ఢిల్లీలో 266 రూలు మార్చడం చట్టం మార్చడం కూడా కాదు, సభ తన రూలు తాను మార్చుకోవడమే. అది ఎప్పటికవుతుందో గానీ మన అసెంబ్లీ మన చేతిలో ఉంది. ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ ఏడాదికి కనీసం ఒక్కసారి డిస్కంలని, ఆర్టీసీని, సివిల్ సప్లయిస్ ని, అప్పులు తెచ్చే కార్పొరేషన్లని వరసగా పిలిచి ఆ ఒక్క సెషన్ లైవ్ ఇవ్వమనండి, ఈఆర్‌సీ వాళ్ళు ఇవ్వగా లేనిది వీళ్ళు ఇవ్వలేరా. లెక్కలు తేల్చని కంపెనీకి కొత్త గ్యారంటీ ఇవ్వకూడదు. అమ్మబోయే కంపెనీ ఏదైనా సరే, అమ్మే ముందు విలువ ఎలా కట్టారో ఆ కాగితాలతో కమిటీ ముందుకి రావాలి, పాలసీ అని తప్పించుకోవడం కుదరకూడదు, అమ్మాలా వద్దా అన్నది పాలసీ అయితే కావొచ్చు, ఎంతకి అమ్ముతున్నారు అన్నది లెక్క. సింగరేణి లాంటి దానికి ఇంకా తిరకాసు, 51 శాతం తెలంగాణది, 49 కేంద్రానిది, బొగ్గు బ్లాకుల వేలం గొడవొస్తే ఇటువాళ్ళు అటువైపు అటువాళ్ళు ఇటువైపు చూపిస్తారు, అక్కడ రెండు చోట్లా పిలిచి అడిగే ఏర్పాటు ఉండాలి.

మీకు కూడా ఒక మాట అండి, ఏమనుకోకండి. కమిటీ రిపోర్టులు పార్లమెంటు వెబ్‌సైట్లో ఉచితంగా ఉంటాయి, కాగ్ రిపోర్టులూ ఉంటాయి, అన్నీ ఇంగ్లీషులోనో హిందీలోనో. మా ప్లాంటులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన వాళ్ళు కూడా తమ కంపెనీ మీద కాగ్ ఏం రాసిందో చదవలేదు, చదివిపెట్టేవాళ్ళు లేక. సభలో రిపోర్టు పెట్టిన రోజు ఎవరు ఎవర్ని తిట్టారో ఒక కాలమ్ వేసుకోండి, పక్కన ఇంకో కాలమ్ లో ఆ రిపోర్టులో ఏముందో తెలుగులో వేయండి, ఏ ఎంపీ ఏ కమిటీలో ఉన్నారో ఎన్ని మీటింగులకి వెళ్లారో ఏడాదికోసారి టేబుల్ వేయండి. మన రెండు రాష్ట్రాలకీ కలిపి 42 మంది లోక్‌సభ సభ్యులున్నారు, వాళ్ళలో ప్రభుత్వ కంపెనీల కమిటీలో ఎవరున్నారో మా వీధిలో అడిగితే ఒక్కరికీ తెలీదు, రేపు ఎలక్షన్ కి వచ్చినప్పుడు అడుగుదామన్నా పేరు తెలియాలి కదా.

ఉత్తరం పెద్దదైపోయింది, చోటు లేకపోతే బ్రిటన్ సంగతి, ముంద్రా సంగతి కట్ చేసేయండి ఫర్వాలేదు. రూల్ 266 సంగతి, జింక్ సంగతి, ఈఆర్‌సీ సంగతి మాత్రం ఉంచగలరు.

ఇట్లు
మీ పాఠకుడు,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం